మనమూ ఒకరికి దుబాయే

2017 నవంబర్ 28న హైదరాబాద్‌లోని మా మియాపూర్‌కి ప్రధానమంత్రీ మెట్రో రైలూ ఒకే రోజు వచ్చారు. నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా ఇక్కడిదాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. ప్రధాని మా స్టేషన్‌లో రైలెక్కి కూకట్‌పల్లి దాకా వెళ్లి తిరిగొచ్చారు. అదే రోజు మాదాపూర్ హెచ్ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. దక్షిణాసియాలో ఆ సదస్సు జరగడం అదే తొలిసారి. అమెరికా బృందానికి నాయకురాలు ఇవాంకా ట్రంప్. మహిళకు పెద్దపీట, అందరికీ సిరిసంపద అన్నది ఆ ఏటి నినాదం. రాత్రి ఫలక్‌నుమాలో విందు. మర్నాటి నుంచి జనాన్ని మెట్రో ఎక్కనిచ్చారు. అందరితోపాటు నేనూ ఎక్కి, ఎప్పుడూ కింద నుంచి చూసే ఊరిని పైనుంచి చూసి మురిసిపోయాను.

ఆ ఊళ్లో ఒక తరగతి మనుషులు మాత్రం కనిపించలేదు. ఆ నెల 8 నుంచి రెండు నెలల పాటు హైదరాబాద్ రోడ్ల మీద అడుక్కోవడాన్ని పోలీసులు నిషేధించారు. సిగ్నళ్ల దగ్గర, గుళ్ల దగ్గర, దర్గాల దగ్గర దొరికినవాళ్లను వ్యాన్లెక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మళ్లీ చెయ్యి చాచనని రాసిచ్చినవాళ్లను వదిలేశారు. కొన్నాళ్లకు జైళ్ల శాఖ, బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయలిస్తామని కూడా ప్రకటించింది. ఇదంతా అతిథుల కోసం కాదు, నగరం కోసమే అన్నారు అధికారులు. కావచ్చు. కానీ 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీ చూడ్డానికి వచ్చినప్పుడూ నగరంలో బిచ్చగాళ్లు ఇలాగే మాయమయ్యారు. చుట్టాలొస్తున్నారని తెలిస్తే చిందరవందర సామానంతా మంచం కిందికి తోసేసే ఇళ్లు నాకు బాగా తెలుసు. సర్దినట్టే ఉంటుంది. వంగి చూడకూడదు, అంతే.

ఇదెందుకు గుర్తు చేసుకుంటున్నానంటే, పెద్దల మాటల్లో తరచూ వినపడే ఒక నమ్మకం ఉంది. దేశాల మధ్య రాకపోకలు, ఇచ్చిపుచ్చుకోవడాలు పెరిగితే వాటి వెంటే మానవ హక్కులు కూడా వస్తాయట. వ్యాపారం చేసే వాడు అవతలి వాడి ఇంటిని చూస్తాడు, చూసిన చోట మంచి జరుగుతుంది అని. ఒకరు చూస్తున్నారంటే మనం మొదట చేసేది బాగుచెయ్యడం కాదు, దాచెయ్యడం అని మా ఊరి అనుభవం. అంతమాత్రాన ఆ నమ్మకం పూర్తిగా వట్టిదేనా? ఇన్నాళ్లూ అవుననే అనుకునేవాణ్ని. ఇప్పుడు సగమే వట్టిదంటాను. ఆ రెండో సగం ఎక్కడుందో వెతకడానికే ఇది రాస్తున్నాను.

క్లింటన్ ఇక్కడికి రావడానికి నాలుగు నెలల ముందు సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం భగ్నమైంది. కార్మిక ప్రమాణాలను వాణిజ్య ఒప్పందాల్లో చేర్చాలనీ, పాటించని దేశాలపై ఆఖరికి ఆంక్షల దాకా వెళ్లాలనీ క్లింటన్ అక్కడి పత్రికతో అన్నాడు. మన వాణిజ్య మంత్రి మురసోలి మారన్ సహా వర్ధమాన దేశాల వాళ్లంతా భగ్గుమన్నారు. చౌకగా వచ్చే మా సరుకును ఆపడానికి మా కూలీల మీద ప్రేమ ఒలకబోస్తున్నారన్నది మన వాదన. కార్మికుల సంగతి చూసుకోవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉంది, వాణిజ్య సంస్థకెందుకని 1996లో సింగపూర్‌లోనే తేల్చుకున్నాం కదా అన్నారు. ఆ వాదనలో న్యాయం లేదనలేం. తన దేశంలో బట్టల మిల్లు మూతపడకుండా చూసుకోవాలనుకునే సెనేటర్‌కి తిరుపూర్ పిల్లల మీద ఉన్నట్టుండి దయ పుట్టుకొస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అయితే ఆ వాదన ఢిల్లీలో ఎంత గట్టిగా నిలబడినా, కర్నూలు, మహబూబ్‌నగర్ పత్తి చేలల్లో కాస్త తడబడేది.

హైబ్రిడ్ పత్తి విత్తనం చేత్తో పుట్టించాల్సిందే. సాయంత్రం పూట ఆడ వరుసలోని మొగ్గలను ఒక్కొక్కటీ విప్పి, అందులోని కేసరాలు గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున్నే మగ వరుస పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. రైతులు దీన్నే క్రాసింగ్ అంటారు. మొక్కకు ఎన్ని పువ్వులుంటే అన్నిసార్లు, సీజన్ సాగినన్నాళ్లూ. ఈ పనికి పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలను పెట్టేవారు. చిన్న వేళ్లు, మొక్క ఎత్తుకు సరిపోయే ఒడ్డూ పొడుగూ అని కారణాలు చెప్పేవారు. అసలు కారణం వేరు: పెద్దవాళ్ల కూలిలో కొంత ఇస్తే చాలు, తల్లిదండ్రులకు ముందే బయానా ఇస్తే సీజన్ అంతా పిల్ల వాళ్లదే. పొలం రైతుది. రైతుకు డబ్బు పెట్టేది ఆర్గనైజర్. ఆర్గనైజర్ వెనక విత్తన కంపెనీ. ఆ కంపెనీల్లో కొన్ని మోన్‌శాంటో, బేయర్, సింజెంటా లాంటి బహుళజాతి సంస్థలవి, లేదా వాటితో ముడిపడినవి. పొలం తమది కాదు గనక పిల్లలూ తమ బాధ్యత కాదని అవి చేతులు దులుపుకోవచ్చు.

ఆ వీలు లేకుండా చేసింది హైదరాబాద్ పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు. నెదర్లాండ్స్‌కు చెందిన ఇండియా కమిటీ కోసం 2003లో ఆయన రాసిన నివేదిక, కంపెనీల పేర్లు పెట్టి మరీ ఈ సంగతి యూరప్ వాటాదారుల ముందు పెట్టింది. మరుసటి ఏడు జర్మనీలో బేయర్ మీద ఫిర్యాదు నమోదైంది. ఇక్కడ ఎంవీ ఫౌండేషన్, అప్పటికే పిల్లలను పనినుంచి బడికి మళ్లించే విద్య నేర్చిన సంస్థ, రంగంలో ఉంది. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది కూడా 2003లోనే. కంపెనీలు దిగొచ్చాయి. పిల్లలు లేకుండా పండించిన రైతుకు విత్తనం ధరలో 5 శాతం బోనస్ ఇచ్చే పథకాలు వచ్చాయి. 2009లో అమెరికా కార్మిక శాఖ బాలకార్మికులతో తయారవుతున్న సరుకుల జాబితా తొలిసారి ప్రచురించినప్పుడు భారతదేశం పేరు కింద హైబ్రిడ్ పత్తి విత్తనం కూడా ఉంది.

ఈ కథలో నాకు నచ్చిన ఘట్టం ఆ మొదటి నివేదిక కాదు. 2005లో వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా కలిసి రాసిన రెండోది. కంపెనీలు రైతుకు ఇచ్చే ధరలో పెద్దవాళ్లకు చట్టప్రకారం కూలి కట్టడం అసలు సాధ్యమేనా అని అందులో లెక్క వేశారు. సాధ్యం కాదని తేలింది. అంటే పిల్లలను పెట్టుకోవద్దని రైతుకు సుద్దులు చెబుతూనే, పెట్టుకోక తప్పని ధర ఇస్తున్నారన్నమాట. మానవ హక్కుల గురించి నేను చదివిన వాటిలో ఇంత సూటిగా ఉన్న పత్రం ఇంకోటి లేదు. ఎవరి మనసు మంచిది, ఎవరిది చెడ్డది అన్న ప్రస్తావనే లేదు. కిలోకి ఎంత, ఎకరాకు ఎందరు, రోజుకు ఎంత. అంతే. తర్వాతి ఏళ్లలో ఆ కంపెనీల చేలల్లో పిల్లల సంఖ్య తగ్గింది. విత్తనాల సాగు కొంత గుజరాత్ గిరిజన ప్రాంతాలకు జరిగింది, కొంత చిన్న కమతాల్లో ఇంటి పిల్లల చేతుల్లోకే తిరిగి వెళ్లింది. మొత్తంగా గెలిచామని ఎవరూ అనలేదు. కానీ ఎంతోమంది పిల్లలు బడికి వెళ్లారు. వాణిజ్యం దారిలో హక్కులు ఎంతో కొంత వచ్చిన సందర్భం తెలుగునేల మీద ఉందంటే నేను దీన్నే చూపిస్తాను.

ఇప్పుడు మా మియాపూర్ సంగతికొస్తాను. ఇక్కడ విదేశం రెండు రకాలు.

మొదటి విదేశానికి దారి నానక్‌రామ్‌గూడలో ఉంది. బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్న అమెరికా కాన్సులేట్ 2023లో అక్కడికి మారింది. 2025 సెప్టెంబర్ 19న హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ట్రంప్ ప్రకటించాక, మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లలో ఆ రాత్రి దీపాలు ఆరలేదు. సెలవు మీద వచ్చినవాళ్లు టికెట్లు మార్చుకునే హడావిడిలో ఉన్నారు. మర్నాటికల్లా మన విదేశాంగ శాఖ స్పందించింది. కుటుంబాలు చెదిరిపోయి మానవతాపరమైన ఇబ్బందులు వస్తాయని గట్టిగానే చెప్పింది. చెప్పాల్సిన మాటే.

రెండో విదేశం సంగతి మా ప్లంబర్‌ని అడిగితే చెబుతాడు. జగిత్యాల దిక్కు మనిషి. సౌదీలో చాలా ఏళ్లు ఉండి వచ్చాడు. కంపెనీ వీసాకూ ఆజాద్ వీసాకూ ఉన్న తేడా, అకామా అనే నివాస అనుమతి రెన్యువల్ చెయ్యకుండా కఫీల్, అంటే యజమాని, ఎలా ఏడిపిస్తాడు, ఖల్లివెల్లి అయితే, అంటే కాగితాల్లేకుండా పారిపోతే, మనిషి ఎక్కడెక్కడ దాక్కుంటాడు, అన్నీ కొళాయి వాషర్ మారుస్తూ చెబుతాడు. ఈ రెండో విదేశం విషయంలో మన దౌత్యం ఏం చేసిందో చూడండి. ఆ హెచ్1బీ ప్రకటనకు సరిగ్గా అయిదేళ్ల ముందు, అదే సెప్టెంబర్ నెలలో.

గల్ఫ్ దేశాలకు వెళ్లే కూలీకి ఇంత జీతానికి తగ్గితే పంపం అని భారత ప్రభుత్వం ఒక మినిమం రెఫరల్ వేజ్ పెట్టుకుంది. పదో తరగతి పాసవ్వని కూలీకి మన ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ కాగితం మన చేతిలో ఉంది గనకే ఈ షరతు పెట్టగలిగాం. 2020 సెప్టెంబర్‌లో, కోవిడ్ ముమ్మరంగా ఉన్నప్పుడు, మన ప్రభుత్వమే సర్క్యులర్లిచ్చి ఆ జీతాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించేసింది. యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324. తగ్గించకపోతే మన వాళ్ల బదులు వేరే దేశాల వాళ్లను తీసుకుంటారన్నది కారణం. గల్ఫ్ షేక్ అడగకముందే మన సర్కారే తగ్గించుకుంది! తెలంగాణలోని గల్ఫ్ కార్మిక సంఘాలు ఊరుకోలేదు. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాయి. 2021 జులైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుని పాత వేతనాలు పునరుద్ధరించింది. దీని మీద ఏ టీవీలోనూ రాత్రంతా చర్చలు జరిగినట్టు నాకు గుర్తులేదు.

ఆ సంగతి చెబితే మా ప్లంబర్ నవ్వాడు. “కాయితంల రాసినంత ఇస్తడా సారూ కఫీలు? ఇయ్యడు. గని కాయితం ఉంటె లేబర్ కోర్టుల నిలవడి కొట్లాడొచ్చు. కాయితమే తక్కువ రాస్తె ఇగ ఏమని కొట్లాడుతం?” దౌత్యం విలువ ఎంతో ఇంతకంటే నేను బాగా చెప్పలేను.

ఫిలిప్పీన్స్ వాళ్లు ఈ ఆటను మనకంటే మొండిగా ఆడారు. 1995లో సింగపూర్‌లో ఒక ఫిలిప్పీనా పనిమనిషిని ఉరితీస్తే దేశం అట్టుడికిపోయింది. ఆ ఏడాదే వలస కార్మికుల చట్టం తెచ్చారు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లకు తగ్గకూడదని పట్టుబట్టారు. 2018లో కువైట్‌లో ఒకామె శవం ఫ్రీజర్‌లో దొరికితే, కొత్తగా మనుషులను పంపడమే ఆపేశారు. మూడు నెలల్లో కువైట్ ఒప్పందానికి వచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు, ఫోన్ లాక్కోకూడదు, వారానికో రోజు సెలవు. మనమూ ఒక ప్రయత్నం చేశాం. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో వేలాదిగా ఉన్నారు. ఆడమనిషిని పనికి తీసుకుంటే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని 2014లో అడిగాం. కువైట్ ససేమిరా అంది, వీసాలు ఆపింది. 2017లో మనమే ఆ షరతు తీసేశాం. ఈలోపు ఆడవాళ్లు వెళ్లడం ఆగిందా అంటే లేదు, విజిట్ వీసాల మీద, ఇతర దేశాల మీదుగా దొంగదారిన వెళ్లారు. షరతు పెట్టినంత మాత్రాన సరిపోదు. కడపలో వాళ్లకు వేరే పని కూడా ఉండాలి. అది విదేశాంగ శాఖ చేతిలో లేదు.

సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో జైలుకెళ్లారు. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేసి, క్షమాభిక్షకు వాళ్లను ఒప్పించాడు. అయినా వాళ్లు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో. చంపిన కేసులో ఉన్నదీ కూలీలే, చనిపోయినదీ కూలీయే, ఇరుపక్కలా ఏడ్చింది పేద ఊళ్లే. ఈ పద్దెనిమిదేళ్లలో భారత్, యూఏఈల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కూడా కుదిరింది. ఆ చర్చలు 88 రోజుల్లో ముగిశాయని రెండు దేశాలూ గర్వంగా చెప్పుకున్నాయి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టడం అన్యాయమే. ఒకటి కోర్టు సంగతి, ఒకటి సుంకాల సంగతి. అయినా పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

కొత్త ఒప్పందాల్లో కార్మికుల ఊసు అస్సలు లేదని కాదు. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టన్‌స్టైన్‌లతో చేసుకున్న దాంట్లో సుస్థిరాభివృద్ధి అధ్యాయం ఉంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం పెట్టిన దాంట్లో ఏకంగా కార్మిక అధ్యాయమే ఉంది. సియాటిల్‌లో కాదన్న మాటను పాతికేళ్ల తర్వాత మనమే రాసుకున్నాం. కాకపోతే ఆ అధ్యాయం మీద గొడవొస్తే వివాద పరిష్కార పీఠానికి వెళ్లే వీలు లేదు. అదే బ్రిటన్‌తో, తాత్కాలికంగా అక్కడికి వెళ్లే మన ఉద్యోగి మూడేళ్ల పాటు అక్కడి సామాజిక భద్రత చందా కట్టక్కర్లేదన్న ఏర్పాటు మాత్రం చాలా స్పష్టంగా కుదిరింది. మా వీధి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు అది మంచిదే. ఎవరి తరఫున గొంతు లేస్తుందో వాళ్ల వాక్యం స్పష్టంగా ఉంటుంది.

ఇంతవరకూ మనం పంపేవాళ్లం. ఇప్పుడు బల్లకు రెండో వైపు వెళ్లి కూర్చుందాం.

పొద్దున్న ఏడింటికి మియాపూర్ చౌరస్తా దగ్గర కూలీల అడ్డా చూడండి. సెంట్రింగ్, రాడ్‌బెండింగ్, టైల్స్, పుట్టీ. తెలుగు తక్కువ, హిందీ, ఒడియా, బెంగాలీ ఎక్కువ. బాచుపల్లి, నిజాంపేట, హఫీజ్‌పేట వైపు లేస్తున్న టవర్ల పక్కన రేకుల షెడ్లలో వీళ్ల కాపురాలు. ఆధార్ కార్డు మేస్త్రీ సంచిలో, జీతం లెక్క ఠేకేదార్ పుస్తకంలో. భాష రాదు, ఊరు దూరం, బయానా తీరేదాకా కదలలేరు. మా ప్లంబర్ సౌదీ కథ చెబుతున్నప్పుడు ఇవన్నీ ఎక్కడో చూశానే అనిపించింది. మా కిటికీలోంచే చూస్తున్నాను.

2020 ఏప్రిల్ 29న, లాక్‌డౌన్‌లో, సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతాలడిగి, ఇళ్లకు పంపమని తిరగబడ్డారు. మే 1 తెల్లవారుజామున 4.50కి మా పక్క స్టేషన్ లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయల్దేరింది. దేశంలోనే అది తొలి శ్రామిక్ రైలు. మేడే రోజు ఎవరు ఎంచారో గానీ! ఆ రైలు వెనక ఝార్ఖండ్ ప్రభుత్వం ఒత్తిడి ఉంది. ఆ మేలో ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ లేహ్‌లో చిక్కుకున్న 60 మందిని విమానంలో రప్పించాడు. జూన్‌లో సరిహద్దు రోడ్లు వేయడానికి మళ్లీ కూలీలు కావాలని బోర్డర్ రోడ్స్ సంస్థ అడిగితే, ఊరికే పంపనన్నాడు. దళారులుండకూడదు, పేర్లు నమోదు చెయ్యాలి, కూలి పెంచాలి, అది నేరుగా వాళ్ల ఖాతాలో పడాలి. సంస్థ ఒప్పుకున్నాకే దుమ్‌కా నుంచి లద్దాఖ్ పనులకు వెళ్లేవాళ్ల రైలుకు జెండా ఊపాడు. ఫిలిప్పీన్స్ కువైట్‌తో ఆడిన ఆటే, ఒక పేద రాష్ట్రం సొంత దేశపు రక్షణ శాఖతో ఆడింది.

ఒడిశా కూడా 2012లో మనతో ఒక అవగాహన పత్రం రాసుకుంది, ఇటుక బట్టీలకు వచ్చే తన మనుషుల గురించి. దాని ఆనవాలుగా బట్టీల దగ్గర ఒడియా పాఠ్యపుస్తకాలతో పిల్లలకు బడులు నడిచాయి. 2017లో రాచకొండ పోలీసులు బట్టీల్లో పట్టుకున్న పిల్లల కోసం ఒడియా టీచర్లతో అక్కడే బడులు తెరిపించారు. చిన్న పని. కానీ దుబాయ్ లేబర్ క్యాంపులో తెలుగు బడి ఉందని మీరెప్పుడైనా విన్నారా?

ఇక వలస కూలీకి పాస్‌బుక్, రానుపోను ఖర్చు, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలన్న చట్టం 1979లోనే వచ్చింది, 2025 దాకా ఉంది. ఒడిశాలో బయానా తీసుకుని వలసవెళ్లే దాదన్ కూలీల గోడు మీద పుట్టింది. గల్ఫ్ వాళ్లను అడుగుతున్న వాటిలో సగం అందులో ఉండేవి. మియాపూర్ అడ్డాలో ఒకరిద్దరిని ఆ పాస్‌బుక్ గురించి అడిగి చూశాను. బ్యాంకుదా అన్నారు.

నాకో కోరిక ఉంది. మన మంత్రులు దుబాయ్ వెళ్లి అడిగినట్టే, రేపు రాంచీ నుంచో భువనేశ్వర్ నుంచో ఒక కార్మిక మంత్రి జాబితా పట్టుకుని హైదరాబాద్ రావాలి. గల్ఫ్‌లో చనిపోయిన మన కూలీ కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది కదా, హైదరాబాద్ టవర్ మీద నుంచి జారిపడ్డ మా వాడికెంత అని అడగాలి. ఆధార్ మేస్త్రీ దగ్గర ఉండకూడదనాలి. వారానికో సెలవు, ఖాతాలో జీతం, కాగితం మీద రేటు, ఆ రేటుకు తగ్గితే పంపనని చెప్పాలి. మనవాళ్లు మర్యాదగా విని, టీ తెప్పించి, బిల్డర్ల సంఘం వైపు చూసి అడగబోయే మొదటి ప్రశ్న నాకిప్పుడే వినపడుతోంది: అలాగైతే చదరపు అడుగు ధర ఎంత పెరుగుతుంది?

అడగాల్సిన ప్రశ్నే. కర్నూలు పత్తి చేలల్లో లెక్క మొదలైంది కూడా అక్కడే.